పరదేశార్జితము, స్వదేశార్పితము: జార్జి అవెరోఫ్ జీవితము

ఏథెన్సు నగరమున రెండు గుట్టల నడుమ గుఱ్ఱపు లాడము ఆకారమున ఒక పాలరాతి క్రీడాప్రాంగణము కలదు. 1896వ సంవత్సరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొట్టమొదట జరిగినది అందే. దాని ముంగిట ఒక పురుషుని పాలరాతి విగ్రహము నిలిచియున్నది. ఆ పురుషుడు రాజు కాడు, సేనాని కాడు, కవి కాడు, మల్లుడును కాడు. ఈజిప్టు దేశమున ప్రత్తి బేరముచేసి లక్షలు గడించిన వర్తకుడు. ఏథెన్సు ఆయన పుట్టిన ఊరు కాదు, బ్రదికిన ఊరును కాదు. అట్లయ్యు ఆ నగరమునకు ఆయన చేసిన ఉపకారము ఆ దేశపు ప్రభువులు సైతము చేయజాలకపోయిరి. ఆయనయే జార్జి అవెరోఫ్.

పొట్టకూటికై దేశము విడిచిపోవుట నేటి మాట కాదు, ఏ ఒక్క జాతికిని ప్రత్యేకించిన మాటయు కాదు. పోయినవారిలో కొందఱు పోయినచోటనే కలిసిపోయి పుట్టినచోటును మఱచుదురు. కొందఱు మూటగట్టుకొని తిరిగివచ్చి ఊరిలో మేడకట్టుకొని సుఖముందురు. అవెరోఫ్ ఈ రెండు తెగలలో దేనికిని చెందినవాడు కాడు. ఆయన తిరిగి రాలేదు, మఱవనూ లేదు. అఱువది సంవత్సరములు పరదేశమున నుండి ఆర్జించినదానిలో గొప్ప భాగమును స్వజాతికి ఒప్పగించెను. ఆ ధనము ఏమైనది, ఎవరికి ఉపయోగపడినది, అసలది ఎవరి చెమటనుండి వచ్చినది అను మూడు ప్రశ్నలును ఆయన చరిత్రలో ఇమిడియున్నవి. మూడింటినిగూర్చి విచారింపక ఒక్కదానిని మాత్రమే పట్టుకొని పొగడుటగాని తెగడుటగాని న్యాయము కాదు.

గ్రీసు దేశపు వాయవ్యభాగమును ఎపిరస్ అందురు. అచట పిండస్ పర్వతశ్రేణిలో, సముద్రమట్టమునకు మూడువేల అడుగుల కెక్కుడు ఎత్తున, మెత్సొవో అను చిన్న ఊరు కలదు. చలికాలమున మంచు కప్పుకొనియుండు ఆ కొండలలో సేద్యమునకు నేల కొఱత. గొఱ్ఱెల మందలు, ఉన్ని, కొయ్యపని, కంచరగాడిదలపై సరకు మోయుట, ఇవియే అచటి జనుల జీవనాధారములు. ఇంట వారు మాటాడునది లాటిను భాషనుండి పుట్టిన వ్లాఖ్ అను పలుకుబడి. గుడిలోను బడిలోను నేర్చునది గ్రీకు. ఇట్టి ఊరిలో మగవారు వయసు వచ్చినతోడనే దూరదేశములకు బోయి వర్తకముచేసి ఇంటికి డబ్బు పంపుట ఆనవాయితీ. కొండ పిడికెడు గింజలు పెట్టదు గనుక మనుష్యులనే ఎగుమతి చేసెను. అట్టి వర్తకుల యింట పందొమ్మిదవ శతాబ్దపు రెండవ దశకమున అవెరోఫ్ పుట్టెను.

అప్పటికి గ్రీసు అను రాజ్యమే లేదు. ఆ భూమి యంతయు తురుష్క సుల్తానుల ఏలుబడిలో నుండెను. 1821లో గ్రీకులు తిరుగుబాటు చేసిరి. తొమ్మిదేండ్ల రక్తపాతము పిమ్మట 1830లో ఐరోపా రాజ్యములు స్వతంత్ర గ్రీసును అంగీకరించినవి. కాని ఆ రాజ్యము మిక్కిలి చిన్నది. గ్రీకులలో అధికసంఖ్యాకులు దాని పొలిమేరలకు వెలుపలనే మిగిలిపోయిరి. ఎపిరస్ సుల్తాను చేతిలోనే నిలిచెను. కావున మెత్సొవో బిడ్డడైన అవెరోఫ్ స్వతంత్ర గ్రీసు ప్రజగా పుట్టలేదు, పెరుగనూ లేదు. ఆయన జీవితకాలమున ఆ ఊరిపై గ్రీకు జెండా ఎగురనే లేదు. ఆయన ప్రేమించిన దేశము భూపటముపై నున్నదానికంటె మనస్సులో నున్నది. ఈ సంగతి గుర్తుంచుకొననిదే ఆయన దానముల తీరు బోధపడదు.

ఆ కాలమున ఈజిప్టును మహమ్మదు ఆలీ పాషా ఏలుచుండెను. పేరునకు సుల్తానునకు లోబడినవాడేయైనను, పనికి స్వతంత్రుడు. పీచు పొడవైన మేలుజాతి ప్రత్తిని 1820 ప్రాంతమున నైలునదీ తీరమున సాగుచేయించి, దానిని ఇంగ్లండు మిల్లుల కమ్మి ధనము రాబట్టవలెనని ఆయన సంకల్పము. ఆ వర్తకము నడుపుటకు తెలివిగల పరదేశపు బేహారులు కావలసివచ్చిరి. మెత్సొవోనుండియే వెళ్లిన మిఖాయిల్ తొసిత్సాస్ పాషాకు ఆప్తుడై, గొప్ప ధనికుడై, గ్రీసు రాజ్యమునకు ఈజిప్టులో మొదటి కాన్సల్ జనరలుగా నియమింపబడెను. ఒక్కడు నిలదొక్కుకొన్నచో వెనుక పదిమంది బయలుదేరుట లోకసహజము. 1837లో, ఇరువదియేండ్లు నిండీ నిండని ప్రాయమున, అవెరోఫ్ కైరో నగరము చేరెను. అచట ఆయన యన్నగారికి బట్టల దుకాణముండెను. ఆ దుకాణమే తమ్ముని పాఠశాల.

కొలతబద్దతో ఆరంభించిన జీవితము క్రమముగా లెక్కల పుస్తకమునకును, అచటనుండి పెద్ద బేరములకును ప్రాకెను. గుడ్డ వర్తకమునుండి ప్రత్తి కొనుగోలునకు, ప్రత్తినుండి ఎగుమతులకు, ఎగుమతులనుండి ధనవినిమయమునకు, భూములకు, కట్టడములకు ఆయన వ్యాపారము వ్యాపించెను. 1866లో తన వ్యాపారకేంద్రమును కైరోనుండి అలెగ్జాండ్రియా రేవునకు మార్చెను. ప్రత్తి పండునది పల్లెలలో నైనను, దాని ధర నిర్ణయమగునది ఆ రేవులోనే గదా! పంటను పండించువానికంటె ధరను ముందుగా తెలిసికొనువాడు బాగుపడుట ఈ వర్తకపు ధర్మము. అవెరోఫ్ ఆ ధర్మమును బాగుగా గ్రహించెను.

ఆయన అదృష్టమును పండించినది మఱియొక ఖండమున జరిగిన యుద్ధము. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రేగెను. దక్షిణ రాష్ట్రముల రేవులను ఉత్తరపు నౌకాదళము మూసివేసెను. అమెరికా ప్రత్తి రాక లాంకషైరు మిల్లులు మూతపడినవి. మగ్గపు కూలీలు ఆకలిపాలైరి. ప్రత్తి పండు నేలలన్నిటిపైకి ఇంగ్లండు చూపు మరలెను. మన దేశమున బొంబాయి నగరము ఆ నాలుగేండ్లు బంగారపు వెల్లువలో మునిగెను. 1865లో అమెరికా యుద్ధము ముగియగానే ధరలు కూలి, రాత్రికి రాత్రి కోటీశ్వరులైనవారు పలువురు దివాలా తీసిరి. ఈజిప్టులోను ఇదే వరుస. నైలు తీరమున రైతులు తిండిగింజలు మాని ప్రత్తి వేసిరి. ధర పెరిగినప్పుడు అందఱును పండుగ చేసికొనిరి. పడిపోయినప్పుడు మిగిలినవారు కొలదిమందియే. ఆ మిగిలినవారిలో అవెరోఫ్ ఒకడు. తుపానులో ఓడను తీరమునకు చేర్చినవాడే నావికుడు, గాలి వాలున నడపినవాడు కాడు.

ఈ సంపద ఎచటనుండి వచ్చినదో చూడవలెను. ఈజిప్టు రైతును ఫల్లాహ్ అందురు. విత్తనము మొదలు ప్రత్తి తీతవఱకు ఆతనికి డబ్బు కావలెను. పన్ను కట్టుటకు డబ్బు కావలెను. ఊరూర చిన్న అంగడి పెట్టుకొన్న పరదేశస్థుడు, పెక్కుచోట్ల గ్రీకువాడు, రాబోవు పంటపై ఆ డబ్బు అప్పిచ్చెను. పంట చేతికి వచ్చినప్పుడు అప్పిచ్చినవాడు చెప్పినదే ధర. ఆ ప్రత్తి గింజ తీయబడి, బేళ్లుగా కట్టబడి, రైలుపైనను కాలువలపైనను అలెగ్జాండ్రియాలోని మీనెత్ ఎల్ బస్సాల్ బజారు చేరెను. చిన్న అంగడివాని వెనుక పెద్ద బేహారి, ఆతని వెనుక లివర్‌పూలు బజారు, ఇట్లొకరి వెనుక నొకరు నిలిచిన వరుసలో అట్టడుగున నున్నది రైతు. పైరుమీది అప్పు, కల్లములో బాకీ, తక్కువ ధర, మరల అప్పు: ఈ చక్రము తెలియని సేద్యగాడు మన పల్లెలలోను లేడు, అప్పిచ్చిన చేతులకును ఇది తెలియని సంగతి కాదు.

దీనికితోడు ఈజిప్టులో పరదేశస్థులకు ప్రత్యేకమైన రక్షలుండెను. సుల్తానులు పూర్వము ఐరోపా రాజ్యములకిచ్చిన ఒడంబడికలనుబట్టి, వారి ప్రజలు దేశీయ న్యాయస్థానములకు లోబడరు. పన్నులు పెక్కింటినుండి తప్పించుకొందురు. ఖెడివ్ ఇస్మాయిల్ పాలకుడై ధారాళముగా అప్పులు చేసి, 1869లో సూయెజ్ కాలువను వైభవముతో ప్రారంభించెను. 1875లో ఆ కాలువలోని తన వాటాలను ఇంగ్లండున కమ్ముకొనెను. 1876లో అప్పులు తీర్పలేక చేతులెత్తెను. బాకీదారుల రాజ్యములు ఖజానాపై కూర్చుండినవి. 1881–82లో అహమ్మదు అరాబీ నాయకుడుగా దేశీయులు తిరుగబడిరి. 1882 జూలై 11వ తేదీన ఇంగ్లీషు నౌకలు అలెగ్జాండ్రియాపై గుండ్లు కురిపించినవి, నగరము మంటలపాలాయెను. సెప్టెంబరులో తెల్ ఎల్ కెబీర్ వద్ద అరాబీ ఓడిపోయెను. ఆ యుద్ధమునకు మన దేశపు సిపాయీలను సైతము కొనిపోయిరి. అప్పు తీయుటకై వచ్చిన ఇంగ్లీషువారు దేశమునే పట్టుకొనిరి. ఒక దేశము స్వాతంత్ర్యము కోల్పోయిన ఆ సంవత్సరములందే అలెగ్జాండ్రియా బేహారుల వైభవము మిన్నుముట్టెను. 1885 మొదలు మరణపర్యంతము ఆ నగరపు గ్రీకు సమాజమునకు అవెరోఫ్ అధ్యక్షుడుగా నుండెను.

ఇది ఆయన యొక్కనిపై మోపవలసిన నేరము కాదు. ఆయన ఆ ఏర్పాటును నిర్మింపలేదు. అందులో ప్రవేశించి నేర్పుగా వర్తించెను. కాని ఆ ఏర్పాటు లేనిచో ఆ లక్షలును లేవు. ఈ మాట నొకచోట నిలిపి, ఆ లక్షలను ఆయన ఏమి చేసెనో చూతము.

మొట్టమొదట తన చుట్టునున్నవారికి చేసెను. అలెగ్జాండ్రియాలో గ్రీకు బాలురకు ఉన్నత విద్యాలయము, బాలికలకు పాఠశాల ఆయన ద్రవ్యముతో వెలసి ఆయన పేరనే వ్యవహరింపబడినవి. పిదప తన కొండయూరిని తలచెను. మెత్సొవోలో బడులకు ధనమిచ్చెను. పిండస్ అడవులలో మొలచు వృక్షజాతులన్నింటిని ఒకచోట నాటిన ఉద్యానమొకటి ఆయన పేర అచట నేటికిని కలదు. తుదకు, తానెన్నడును కాపురముండని ఏథెన్సును చేపట్టెను.

ఏథెన్సులోని శిల్పవిజ్ఞాన మహావిద్యాలయమును మెత్సొవో విద్యాలయమనియే పిలుతురు. కారణమేమన, దానిని కట్టించిన దాతలు నికొలావ్ స్తూర్నారాస్, తొసిత్సాస్ దంపతులు, అవెరోఫ్ అందఱును ఆ యొక్క కొండయూరివారే. ఒక పల్లె రాజధానికి విద్యాలయము కట్టించుట లోకమున అరుదు. కావ్యములు, వ్యాకరణములు నేర్పు బడులు కావలసినన్ని యుండగా, యంత్రములును, వంతెనలును, కట్టడములును నేర్పు బడి కావలెనని ఆ వర్తకులకు తోచెను. తమకు చదువు లేకపోయినను దేశమునకు ఏ చదువు కొఱతయో వారు గుర్తించిరి. సైనికాధికారులను తయారుచేయు పాఠశాలకు అవెరోఫ్ భవనము కట్టించెను. నేరములు చేసిన బాలురను పెద్ద దొంగలతో కలిపి బంధింపక వేఱుగా నుంచి దిద్దుటకై ఒక బాలకారాగృహము కట్టించెను. ఈ కడపటిదాని కథ ముందు చెప్పబడును.

ఆయన పేరును ప్రపంచము నాలుగు మూలల మ్రోగించినది మాత్రము క్రీడాప్రాంగణము. 1894లో ప్యారిసు మహాసభ ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరింప నిశ్చయించి, మొదటి ఉత్సవమును ఏథెన్సున 1896లో జరుపవలెనని తీర్మానించెను. గౌరవము గొప్పదే, కాని గ్రీసు అంతకు కొలది కాలము ముందే, 1893లో, అప్పులు తీర్పజాలమని లోకమునకు చాటుకొనియుండెను. ప్రధాని త్రికూపిస్ ఈ ఉత్సవము మన తాహతుకు మించినదని వ్యతిరేకించెను. ఆయన మాట తప్పనుటకు వీలులేదు. బాకీదారులు వాకిట నిలిచియుండగా ఇంట పందిరి వేయుదునను గృహస్థు నెవ్వరు మెత్తురు? కాని ఒప్పుకొన్న ఉత్సవమును మానుకొన్నచో, గ్రీకుజాతి పూర్వుల పేరు చెప్పుకొనుటయేగాని ఏ పనియు చేయజాలదని లోకము నవ్వును. ఇట్టి ఇరుకున యువరాజు కాన్‌స్టాంటిన్ కార్యభారము వహించి చందాలు పోగుచేయించెను.

చందాలతో పని కొంత సాగునుగాని ప్రాంగణము లేవదు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున లికర్గస్ ఏర్పఱచిన ఆ క్రీడాస్థలమునకు, క్రీస్తుశకము రెండవ శతాబ్దమున హెరోడెస్ ఆటికస్ అను ధనవంతుడు పాలరాయి పఱపించెను. మధ్యయుగములలో ఆ రాయి సున్నపుబట్టీల పాలాయెను. పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్వకములు జరిగి పూర్వరూపము బయటపడినను, మిగిలినది మట్టిగట్లు మాత్రమే. దానిని మరల పాలరాతితో నిర్మింపవలెనన్న లక్షలు కావలెను. క్రీడాసంఘ కార్యదర్శియగు తిమొలెయాన్ ఫిలెమోన్ యువరాజు పనుపున అలెగ్జాండ్రియాకు బోయి అవెరోఫ్‌ను యాచించెను. వ్యయమంతయు తానే భరింతునని అవెరోఫ్ అంగీకరించెను. మొదట వేసిన అంచనా ఆఱులక్షల ద్రాఖ్మాలకు లోపు. పని ముగియునప్పటికి అది తొమ్మిదిలక్షలు దాటెను. ఆయన వెనుదీయలేదు.

పెంటెలికస్ కొండ పాలరాయి బండ్లపై దిగెను. శిల్పాచార్యుడు అనస్తాసియోస్ మెతక్సాస్ పని నడిపించెను. కాలము చాలనందున ఉత్సవమునాటికి క్రింది వరుసలకే పాలరాయి అమరెను. మిగిలినచోట కొయ్య పఱచిరి. కొఱత తరువాతి సంవత్సరములలో తీరెను. 1896 ఏప్రిలు 5వ తేదీన, క్రీడల ముందునాడు, శిల్పి జార్జి వ్రూతోస్ మలచిన దాత విగ్రహమును వేలాది జనుల సమక్షమున ఆవిష్కరించిరి. దాత మాత్రము ఆ సభలో లేడు. తన వ్యాపారస్థలమగు అలెగ్జాండ్రియాలోనే యుండెను. మఱునాడు క్రీడలారంభమాయెను. 10వ తేదీన, మారథాన్ పల్లెనుండి ఏథెన్సువఱకు జరిగిన పరుగులో మరూసి గ్రామస్థుడగు స్పిరిడాన్ లూయీ అను పేదవాడు అందఱికంటె ముందు ఆ ప్రాంగణము ప్రవేశించెను. రాకుమారులు ఆసనములు దిగి ఆతని ప్రక్కన పరుగెత్తిరి. నీళ్లు మోసి పొట్ట పోసికొను పల్లెటూరివాడు, బట్ట కొలిచి పైకివచ్చిన వర్తకుని కట్టడములో జాతికి కీర్తి తెచ్చెను. అప్పులపాలైన దేశమునకు ఆ యొక్క సాయంకాలము వేయి ఉపన్యాసముల పెట్టు.

అయితే ఆ ఉత్సాహము మరుసటి యేడే భంగపడెను. 1897లో గ్రీసు తురుష్కులతో యుద్ధమునకు దిగి నెల దినములలో ఘోరముగా ఓడిపోయెను. పాలరాయి కీర్తినిచ్చునుగాని రక్షణనీయదని వృద్ధుడైన అవెరోఫ్‌కు తెలియవచ్చెను కాబోలు. ఆయన మరణశాసనమున ఒక భాగము నౌకాదళమునకు కేటాయింపబడెను. ఒక బలమైన యుద్ధనౌక కట్టవలెను. నావిక విద్యార్థులకది పాఠశాలగా ఉపయోగపడవలెను. దానికి తన పేరు పెట్టవలెను. 1899 జూలై నెలలో ఆయన అలెగ్జాండ్రియాలో మరణించెను. పేరు నిలుపుకొనవలెనను కోరిక ఆయనలో లేదనుట అబద్ధము. బడికి, బందిఖానాకు, ప్రాంగణమునకు, నౌకకు తన పేరుండవలెనని కోరినవాడే. కాని ఆ పేరు కొఱకు ఆయన మేడ కట్టుకొనలేదు. పదిమందికి పనికివచ్చు వస్తువులకు తగిలించెను. ఇట్టి కీర్తికాంక్ష మన ధనికులకును పుష్కలముగా నుండుగాక యని కోరదగును.

పదేండ్లు గడచినవి. ఇటలీలోని లివోర్నో రేవున ఒర్లాండో కర్మాగారము ఒక ఉక్కుకవచపు నౌకను కట్టుచుండెను. ఇటలీ ప్రభుత్వము ధనాభావముచే దానిని వదలుకొనగా గ్రీసు ముందుకు వచ్చెను. వెల దాదాపు పదిలక్షల పౌనులు. అవెరోఫ్ శాసనపు ధనము సుమారు మూడులక్షలు. ఆ మూడులక్షలు చేతిలో నుండుటచేతనే గ్రీసు వెంటనే బేరమాడగలిగెను. నౌక 1910 మార్చిలో నీటికి దింపబడి, 1911లో గ్రీసు చేరెను. పదివేల టన్నుల ఆ నౌకలో ఫిరంగులు ఇంగ్లీషువారివి, ఆవిరిబాన లు ఫ్రెంచివారివి, యంత్రములు ఇటలీవి. పేరు మాత్రము మెత్సొవో వర్తకునిది.

1912లో బాల్కను యుద్ధము వచ్చెను. నౌకాధిపతి పావ్లోస్ కుందురియోతిస్ అవెరోఫ్ నౌక నెక్కి, డిసెంబరు 16వ తేదీన ఎల్లీ వద్ద, దార్డనెల్స్ జలసంధి ముఖమున, తురుష్క నౌకాదళము నెదుర్కొనెను. తక్కిన గ్రీకు నౌకలు పాతవి, మందగమనముగలవి. వానిని వెనుకవిడిచి, తన నౌక వేగమును నమ్మి ఒంటరిగా శత్రువుల ముందుభాగమును చుట్టివచ్చెను. తురుష్కులు జలసంధిలోనికి మరలిపోయిరి. 1913 జనవరి 18వ తేదీన లెమ్నోస్ వద్ద మరల పోరు జరిగెను. మరల అదే ఫలము. ఆ యుద్ధములో వారి నౌకలు మఱి తలయెత్తలేదు. ఆసియానుండి తురుష్కులు సముద్రముపై సైన్యములను తెచ్చుటకు దారి మూసికొనిపోయెను. ఈజియన్ ద్వీపములు గ్రీసు వశమైనవి. ఆ యుద్ధముననే, 1912లో, మెత్సొవో విముక్తమాయెను. మరణించిన పదుమూడేండ్లకు అవెరోఫ్ పుట్టిన ఊరు స్వతంత్ర గ్రీసులో చేరెను. ఆయన పేరిటి నౌక ఆ యుద్ధపు సముద్రభాగమును గెలిచిపెట్టెను.

ఆ నౌకకు మన దేశముతోను ఒక సంబంధము కలదు. 1941 ఏప్రిలులో జర్మను సైన్యములు గ్రీసును ముంచివేసినప్పుడు, నౌకను తామే ముంచివేయవలెనను ఆజ్ఞను నావికులు లెక్కచేయక దానిని అలెగ్జాండ్రియాకు తప్పించిరి. తన దాత జీవించి మరణించిన రేవే ఆపత్కాలమున ఆ నౌకకు ఆశ్రయమాయెను. అచటనుండి బొంబాయి చేరి, 1942 వఱకు ఆ రేవును స్థావరముగా చేసికొని హిందూ మహాసముద్రమున సరకు ఓడలకు కాపుగా తిరిగెను. 1944 అక్టోబరులో దేశాంతరమున నుండిన గ్రీకు ప్రభుత్వమును స్వదేశమునకు చేర్చినది ఆ నౌకయే. ఇప్పుడది ఏథెన్సు సమీపమున ఫాలిరో తీరమున ప్రదర్శనశాలగా నిలిచియున్నది.

దానము దాత చేయి దాటిన పిదప దాని దారి వేఱు. పైని చెప్పిన బాలకారాగృహమే దీనికి నిదర్శనము. త్రోవతప్పిన పిల్లలను దిద్దుటకై కట్టిన ఆ గోడల నడుమ, జర్మనుల ఆక్రమణకాలమున దేశభక్తులను బంధించిరి. యుద్ధానంతరము సొంత ప్రభుత్వములే తమకు గిట్టని రాజకీయవాదులను అందు త్రోసినవి. అవెరోఫ్ చెరసాల యన్న పేరు ఒక తరమువారికి భయము గొలిపెను. తుదకు దానిని కూల్చివేసిరి. ఆ స్థలమున నేడు దేశపు అత్యున్నత న్యాయస్థానము నిలిచియున్నది. సైనిక పాఠశాలకై ఆయన కట్టించిన భవనమును న్యాయస్థానములకే యుపయోగపడుచున్నది. మెత్సొవో విద్యాలయము దారి ఇంకొకటి. 1967 మొదలు సేనానుల నిరంకుశ పాలనలో గ్రీసు మ్రగ్గుచుండగా, 1973 నవంబరులో విద్యార్థులు ఆ ప్రాంగణమును ఆక్రమించి స్వాతంత్ర్యమును చాటిరి. 17వ తేదీ తెల్లవారుజామున సైనిక టాంకు ఆ విద్యాలయపు ఇనుపతలుపును కూలద్రోసెను. మఱుసటి యేడు ఆ పాలనయే కూలిపోయెను. ఒకే దాత ధనముతో లేచిన గోడలలో ఒకటి స్వాతంత్ర్యమును బంధించెను, మఱియొకటి దానికి ఆశ్రయమిచ్చెను. రెండును ఆయన ఊహింపనివే. ధనికుడు గోడ కట్టించును. దానిలో ఏమి జరుగవలెనో నిర్ణయించునది ప్రజల జాగరూకతయే.

ఇక మనము నిలిపియుంచిన మాట. ఈజిప్టు ఆ కాలపు ఏర్పాటును శాశ్వతముగా సహింపలేదు. పరదేశస్థుల ప్రత్యేకహక్కులను 1937లో జరిగిన ఒడంబడిక రద్దుచేసెను. వారి ప్రత్యేక న్యాయస్థానములు 1949లో మూతపడినవి. 1956లో సూయెజ్ కాలువయు, 1961 ప్రాంతమున పెద్ద వ్యాపారములును జాతీయపఱుపబడినవి. అలెగ్జాండ్రియాలో తరతరములుగా వేళ్లూనిన గ్రీకులలో అత్యధికులు మూట గట్టుకొని వెడలిపోయిరి. వారిలో లక్షాధికారులు కొందఱే. పెక్కుమంది గుమాస్తాలు, చిల్లర వర్తకులు, పనివారు. పెద్ద బేహారుల కాలపు లెక్కను చిన్నవారి మనుమలు చెల్లించిరి. ఫల్లాహ్ చెమటతో ఏథెన్సులో పాలరాయి మెఱసెను. కాని ఫల్లాహ్ బిడ్డకు ఆ ధనములో ఎంత బడి, ఎంత మందు లభించినది? అలెగ్జాండ్రియాలో వెలసిన పాఠశాలలు ముఖ్యముగా గ్రీకు పిల్లలవి. అన్నము పెట్టిన నేలకు ఋణము తీర్పక, కన్న నేలకు మాత్రమే తీర్చుటలో ఒక లోపము కలదు. ఆ లోపము అవెరోఫ్ ఒక్కనిది కాదు, ఆ యుగమునది. లోపమని గుర్తించుట మాత్రము మనకు విధి.

పాఠకులు ఇందుండి గ్రహింపదగినది మిక్కిలి సుళువైనది. ధనవంతుని తూచుటకు ఒకే తట్ట చాలదు. ఒక తట్టలో ధనము పోయిన దారిని, రెండవ తట్టలో అది వచ్చిన దారిని ఉంచవలెను. మొదటి తట్టలో అవెరోఫ్ బరువు అపారము: బడి, విద్యాలయము, ప్రాంగణము, నౌక. పుట్టిన ఊరు పరుల యేలుబడిలో నుండగా, తాను కంటితో చూడని స్వాతంత్ర్యమునకై ధనము దాచిపెట్టిన దూరదృష్టి అందులోనిది. రెండవ తట్ట అంత తేలికయు కాదు, అంత నిర్మలమును కాదు. రెండింటిని చూచియు ఆయనను గొప్పవాడని మనము చెప్పగలము. ఒక్కదానినే చూచి చెప్పినచో ఆ పొగడ్త ముఖస్తుతి యగును.

మన పల్లెలనుండియు యువకులు సముద్రములు దాటి పోవుచున్నారు, గడించుచున్నారు, ఊరికి గుడి గోపురములు, బడులు కట్టించుచున్నారు. మంచిదే. ఊరిలోనే యుండి పైరుమీద అప్పిచ్చి మేడలు కట్టినవారును మన నడుమ గలరు. వారును సత్రములు వేయించుచున్నారు, అదియు మంచిదే. కాని దానము చేయు చేయి, ఆ ధనమును పండించిన చేతిని మఱవరాదు. అవెరోఫ్ మెత్సొవోను మఱవలేదు, ఏథెన్సును మఱవలేదు. నైలు తీరపు రైతునుగూడ అంతటి శ్రద్ధతో తలచియుండినచో ఆ పాలరాయి ఇంకను తెల్లగా నుండెడిది.